బల్ల మీద మూడు జతలు

దేవుడి ముందు మోకరించిన మనిషిని లేవమనడం బూట్ల మేస్త్రి తన జన్మలో వినలేదు. మొదటిసారి విన్నది సొంత పెళ్ళాం విషయంలోనే.

బిషప్ గారి ఉత్తరువు అంతకుముందు ఆదివారమే చర్చిలో చదివారు. ఇకమీదట సత్ప్రసాదం కోసం పీఠం ముందున్న చెక్క కంచె దగ్గర మోకరించడం ఉండదు. అందరూ వరసలో నడిచివచ్చి, తలవంచి నమస్కరించి, నిలబడి తీసుకోవాలి. ఆయన ఏలుబడిలో ఉన్న మేత్రాసనంలోని చర్చిలన్నిటికీ ఒక్కటే పద్ధతి. విన్నవాళ్ళలో కొందరు తలలూపారు, కొందరు దగ్గారు, ఇంకొందరు పక్కవాళ్ళని మోచేత్తో పొడిచారు. మేస్త్రి భార్య మాత్రం జపమాల చేతిలో పట్టుకుని బుద్ధిగా విన్నది. వినడం బుర్రతో విన్నది గాని, ఆ మాట మోకాళ్ళదాకా దిగాలిగా!

ఈ ఆదివారం మగవాళ్ళ వరసలో మేస్త్రి ముందే వెళ్ళి, నిలబడి, సత్ప్రసాదం తీసుకుని వెనక్కి తిరిగాడు. తిరిగేసరికి ఆడవాళ్ళ వరసలో అతని భార్య నేలమీద మోకరించి ఉంది. కళ్ళు మూసుకుంది. చిన్నప్పటినుంచీ చేసినట్టే ముఖం పైకెత్తి, నోరు కొద్దిగా తెరిచింది.

"లేవమ్మా, నిలబడి తీసుకో" అన్నారు ఫాదరు మెల్లగా.

ఆవిడకి అర్థం కాలేదు. ఫాదరు మళ్ళీ చెప్పారు, ఈసారి కాస్త గట్టిగా. ఆవిడ ఉలిక్కిపడి లేవబోయింది. ఊతానికి చెయ్యి చాపింది. కంచె అందలేదు. వెనక వరస ఆగిపోయింది. ఎవరో పిల్లవాడు "ఏమైందమ్మా?" అన్నాడు. చీమ చిటుక్కుమంటే వినిపించే చోట ఆ మాట చర్చి అంతా వినబడింది. ఫాదరు చేతిలో తెల్లని అప్పం గాలిలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ చెయ్యి ఆవిడ తల మీదుగా దాటి, వెనకున్న మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆవిడ తలెత్తేసరికి ఫాదరు చూపు వెనకున్నవాళ్ళ మీదికి వెళ్ళిపోయింది. ఎలాగో లేచి, పమిట సర్దుకుని, ఖాళీ నోటితో తన బల్ల దగ్గరికి నడిచి వెళ్ళింది. సత్ప్రసాదం ఇవ్వకుండా దాటేసేది ఎవరిని? ఊరంతా ఎరిగిన పాపం చేసి పశ్చాత్తాపపడనివాళ్ళని. మరి ఈవిడ ఏం చేసిందని? నోట్లో నాలుక లేని మనిషి. తెల్లవారి పూజ ఒక్కరోజు మానని మనిషి. మేస్త్రి ఒళ్ళు భగ్గుమంది. కాని నోట్లో సత్ప్రసాదం ఉంది, ఏమనగలడు? పళ్ళు బిగించి కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ఆ బిగించిన పళ్ళు ఊడిపడేలా అరిచాడు.

"లేవమంటాడా? ఎవర్ని లేవమంటున్నాడో తెలుసా ఆయనకి? ఆయన పుట్టకముందునుంచీ మోకరిస్తున్నావు నువ్వు!"

"అంత పెద్దదాన్నేం కాదులెండి" అన్నది భార్య గిన్నెలు సర్దుతూ.

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వకపోతే ఏడవాలి. ఎందుకండీ రభస? నాదే పరధ్యానం. రేపు తెల్లవారి పూజకి వెళ్ళి నిలబడే తీసుకుంటాను. మీరూ నిలబడే కదా తీసుకున్నారు?"

"నేను వేరు!"

ఎలా వేరో అతనికే తెలియదు. తెలియనప్పుడు గొంతు పెంచడం మగవాడికి అలవాటే కదా. "చూడూ, నిన్ను మోకాళ్ళ మీద ఉండగా దాటేశాడు. మోకాళ్ళ మీద ఉండగానే ఇవ్వాలి. అందాకా నువ్వు ఆయన ముందు నిలబడి నోరు తెరిచావంటే నామీద ఒట్టే!"

ఆవిడ చేతిలో గిన్నె ఆగిపోయింది. "అయ్యో, అదేం మాటండీ? ఒట్లెందుకు?" అన్నది. అప్పటికే అతను వీధిలోకి వెళ్ళిపోయాడు. మొగుడి మీద ఒట్టు. దాన్ని దాటే ధైర్యం ఆవిడకి లేదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

సోమవారం పొద్దున్నే బావమరిది దిగాడు. అతను రైలు స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. అయినా అందరూ పిలిచేది ప్లీడరనే. వాదన దొరికితే భోజనం అక్కర్లేని మనిషి. బూట్ల షాపులో స్టూలు లాక్కుని కూర్చుని, మేస్త్రి చేతిలోని సుత్తి చప్పుడుకి తాళం వేసినట్టు మాట్లాడాడు.

"మా అక్కకి జరిగింది నేను వదలను బావా. తిరుసభ నియమంలోనే ఉంది, మోకరించినవాళ్ళకి సత్ప్రసాదం లేదనకూడదని. రోములో ఉన్నవాళ్ళ మాట బిషప్ వినాలి, బిషప్ మాట ఫాదరు వినాలి, ఫాదరు మాట మనం వినాలి. బానే ఉంది. మరి మన మాట ఎవరు వినాలి?"

"అదీ!" అన్నాడు మేస్త్రి, మేకు మీద ఒక్కటిస్తూ.

"వచ్చే ఆదివారం పిల్లల నుదుట తైలం పూసి భద్రమైన అభ్యంగనం ఇవ్వడానికి బిషప్ గారే వస్తున్నారు. మనవాళ్ళందరితో మాట్లాడాను. వరసగా వెళ్దాం. ఆయన చూస్తుండగానే ఒక్కొక్కళ్ళం మోకరిద్దాం. లేవమన్నా లేవద్దు. ఎంతమంది తలల మీదుగా దాటిస్తాడో చూద్దాం. వరసలో మొదట ఎవరుండాలి?"

"నేనుంటా."

"అద్గదీ బావా! తాడో పేడో తేలిపోవాలి."

వారం మొదలైంది. మేస్త్రి భార్య ఎప్పటిలాగే చీకటితో లేచి, తలమీద ముసుగేసుకుని పూజకి వెళ్ళేది. అందరూ సత్ప్రసాదానికి లేచినప్పుడు మాత్రం చివరి బల్లలో అలాగే కూర్చునేది. తిరిగొచ్చి పొయ్యి వెలిగించేది. ఇంతకుముందైతే ఆ వేళప్పుడు గొంతులోనే ఏదో పాట కూనిరాగం తీసేది. పాటేమిటో ఎప్పుడూ తెలిసేది కాదు, మేస్త్రికి మాత్రం అది వింటూ లేవడం అలవాటు. ఇప్పుడా రాగం లేదు. టీ గ్లాసు పక్కన పెట్టిన చప్పుడుకి లేస్తున్నాడు. ఆవిడ తిట్టినా బాగుండేది. తిట్టదు. అడగదు. ఆకలిగా ఉన్న మనిషి ఇంకొకరి కంచం వైపు చూడకుండా తల తిప్పుకుంటుందే, అలా మసలుతోంది. ఇదంతా ఫాదరు చేసిన నిర్వాకమేనని మేస్త్రి రోజుకి పదిసార్లు తనకు తాను చెప్పుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఫాదరు గారింట్లో వంటచేసే ఆవిడ గుడ్డసంచి పట్టుకుని షాపులోకి వచ్చింది.

"ఫాదరు గారి బూట్లు. మడమలు అరిగాయేమో చూడమన్నారు. ఆదివారం బిషప్ గారొస్తున్నారు కదా. తొందరగా ఇవ్వు మేస్త్రీ, ఇంకో జత లేదు. చెప్పులేసుకుని తిరుగుతున్నారు."

"లేదా? ఉన్నవాటిమీద నిలబడితే సరి. ఆయనకి నిలబడటమే కదా ఇష్టం" అన్నాడు మేస్త్రి.

"నీ నోటికి దణ్ణం" అని ఆవిడ సంచి బల్లమీద పడేసి వెళ్ళిపోయింది.

శనివారం దాకా ఆ సంచి ముట్టుకోకూడదనుకున్నాడు. అడిగితే "రేపు రేపు" అని తిప్పాలి. చెప్పులతో పీఠమెక్కి బిషప్ ముందు నిలబడాలి ఆయన. అప్పుడు తెలుస్తుంది నలుగురిలో తలవంపులంటే. కాని ముప్ఫై ఏళ్ళుగా తోలు పట్టిన చెయ్యి, మనసు చెప్పినట్టు వింటుందా? చేతికి అందేంత దూరంలో జోడు ఉంటే విప్పి చూడకుండా ఉండలేదు. చూసింది.

నల్లబూట్లు. పాతవి, మంచి తోలు. మేస్త్రి ముందుగా వాటిని తిరగేసి మడమలు చూశాడు. అరగలేదు. ఇంకా రెండేళ్ళు నడుస్తాయి. "మడమలట మడమలు!" అనుకుని మళ్ళీ తిప్పాడు. అప్పుడు కనిపించింది. బూటు ముందు కొస మీద రంగంతా లేచిపోయి తోలు తెల్లగా బయటపడింది. మోటారు సైకిలు గేర్లు వేసి వేసి అలా అవుతుందనుకున్నాడు. కాని గేరు ఒక కాలికే కదా? ఇక్కడ రెండూ ఒకటే తీరు. పైగా ఆయన తిరిగేది మామూలు సైకిలు మీద. పోనీ కాళ్ళీడుస్తూ నడుస్తాడా అంటే మడమలు పోవాలి. వేళ్ళు వంగే చోట తోలు లోతుగా మడతపడి పగులుబారింది. కింద అట్ట మధ్యలో బాగానే ఉంది, కొస దగ్గర మాత్రం కాగితమంత పలచనైంది. అక్కడ కుట్టు పూర్తిగా ఊడింది. వేలు పెడితే లోపలిదాకా దూరిపోయింది.

మేస్త్రి బూటు పట్టుకుని గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి వచ్చాడు. ఇలా కొసలు పోయిన జోళ్ళు అతను ఇంతకుముందూ చూశాడు. గడపదాటని మఠకన్యలు ఊరి చివర మఠంలో ఉంటారు. ఏడాదికోసారి అక్కడినుంచి ఒక బుట్టనిండా బూట్లొస్తాయి. నడక లేని, మోకరింపే ఉన్న బూట్లు. మడమలు కొత్తవాటిలా, కొసలు చీలికలై.

ఇంకెక్కడ చూశాను? అనుకున్నాడు. అనుకుంటూనే షాపు వెనక ఉన్న ఇంట్లోకి వెళ్ళి, మంచం కింద వంగి, భార్య చర్చికి వేసుకునే జోళ్ళు తెచ్చాడు. తన చేత్తో చేసినవే. ఫాదరు గారి బూట్ల పక్కన బల్లమీద పెట్టాడు. చిన్నా పెద్దా తేడా తప్ప అరుగుదల ఒక్కటే. అక్కా తమ్ముళ్ళ ముఖాల్లా ఉన్నాయి.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. ఏం బుద్ధి పుట్టిందో, తన ఆదివారపు బూట్లు కూడా తెచ్చి ఆ వరసలోనే పెట్టాడు.

మడమలు రెండూ బయటివైపుకి ఒరిగి అరిగాయి. ప్రసంగం నడుస్తున్నంతసేపూ చర్చి వరండాలో గోడకి ఆనుకుని, బరువంతా ఒక కాలిమీద వేసి, ప్లీడరుతో ముచ్చట్లాడేవాడి మడమలవి. కొసలు మాత్రం చేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నున్నగా, నిగనిగలాడుతూ. కిటికీ నీడ కూడా కనబడుతోంది వాటిలో. మోకరింపు కోసం ఊరంతా కూడితే, వరసలో మొదట ఉంటానన్న మనిషి బూట్లు అవి.

మేస్త్రి స్టూలుమీద కూలబడ్డాడు. బయట బండ్లు పోతున్నాయి, ఎవరో బేరమాడుతున్నారు, అతనికి ఏదీ వినబడలేదు. ముందు సిగ్గేసింది, చెవులు వేడెక్కేంత సిగ్గు. ఆ తర్వాత వచ్చింది సిగ్గు కాదు. ఇంత తోలు అరగాలంటే ఎన్ని గంటలు కావాలి? నడిస్తే అరుగుతుంది, పరిగెత్తితే అరుగుతుంది. కదలకుండా ఉండి తోలుని ఇంత అరగదీశాడంటే ఆ మనిషి ఎవరి ముందు ఉన్నట్టు? బల్లమీది బూట్లని ముట్టుకోవడానికి భయమేసింది.

టీ తెచ్చిన భార్య మూడు జతల్నీ చూసి ఆగింది.

"ఇవెవరివండీ, మధ్యలోవి?"

"ఫాదరు గారివి."

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, ఒక బూటు తీసుకుని, చీలిన కొస మీద బొటనవేలు ఆనించింది. మెల్లగా తడిమింది.

"అయ్యో పాపం, రాతినేల మీదే ఉంటారన్నమాట" అన్నది. "మోకాళ్ళ బల్ల మీదైతే ఇంత పోవు. నాకు తెలుసుగా."

"మరి అలాంటివాడు నిన్నెందుకు లేపాడే?"

"నన్నడిగితే? ఆయన్నే అడగండి." ఆవిడ మిగతా రెండు జతల వంకా చూసింది. తన మొగుడి నున్నటి కొసల దగ్గర చూపు ఒక్క క్షణం ఆగింది. చేతిలోని బూటు మళ్ళీ మధ్యలో పెట్టేసింది. ఆ చూపుతో మేస్త్రికి గోరుచుట్టు మీద రోకటిపోటులా అయింది.

ఒట్టు తీసేస్తున్నానని అప్పుడే అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆవిడ ముందు, అందులోనూ ఆ బూట్ల ముందు, ఓడిపోయానని ఒప్పుకోవడం అంత తేలికా? టీ తాగేశాడు.

గురువారమూ శుక్రవారమూ మిగతా పనులన్నీ పక్కన పడేశాడు. ఫాదరు బూటుని ఇనప పాదానికి బోర్లా తొడిగి, కొస దగ్గర పాత దారప్పోగులు ఒక్కొక్కటీ పీకాడు. పలచబడిన చోట అట్ట చెక్కేసి, తన దగ్గరున్న తోళ్ళలో గట్టిది ఏరి, నానబెట్టి, సుత్తితో కొట్టి సాగదీశాడు. దాన్ని కొసకి రెండు పొరలుగా అమర్చాడు. తోలు పొడిచే ఆరెతో పాత రంధ్రాలు వెతుక్కుంటూ, మైనం పట్టించిన దారంతో రెండువైపులనుంచీ లాగి కుట్టాడు. పైన తెల్లబడిన చోట పలచటి తోలు టోపీలా కప్పి, అంచు కనబడకుండా గీకాడు. లోపల చిరిగిన అస్తరు తీసి మెత్తటిది వేశాడు. వంగి ఉన్న వేళ్ళకి ఎక్కడ నొప్పి పుడుతుందో ఊహించుకుంటూ వేశాడు. అద్దంలా తళతళలాడే బూట్లు చాలా చేశాడు గాని, ఒక బూటు ఎందుకు వాడుకుంటారో ఇంత స్పష్టంగా తెలిసి ఎప్పుడూ కుట్టలేదు.

శనివారం మధ్యాహ్నం ఎండలో సంచి పట్టుకుని ఫాదరు గారింటికి వెళ్ళాడు. వంటావిడ చర్చి వైపు చెయ్యి చూపింది. పక్క తలుపు ఓరగా తెరిచి ఉంది. గడప దగ్గర రెండు పాత చెప్పులు విడిచి ఉన్నాయి.

లోపల చల్లగా ఉంది. సత్ప్రసాదం భద్రపరిచే మందసం పక్కన ఎర్రదీపం వెలుగుతోంది. కంచెకి ఇవతల, బల్ల గాని దిండు గాని లేకుండా, రాతినేల మీద ఫాదరు మోకరించి ఉన్నారు. వట్టి కాళ్ళు. వెనక్కి మడిచిన పాదాల వేళ్ళు రాతికి ఆని ఎర్రగా కంది ఉన్నాయి. బొటనవేళ్ళ మీద కాయలు కాసి ఉన్నాయి. ఆయన పెదాలు కదలడం లేదు. జపమాల లేదు, పుస్తకం లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పేది వింటున్నట్టు తల కొద్దిగా పక్కకి వంచి ఉన్నారు.

మేస్త్రి దగ్గబోయి మానుకున్నాడు. సంచి కింద పెట్టబోయి, చప్పుడవుతుందని గుండెలకి హత్తుకున్నాడు. చిన్నప్పటినుంచీ వస్తున్న చర్చే. ఆ గోడ, ఆ కిటికీ, పై కప్పులో ఆ పగులు, అన్నీ తెలిసినవే. అయినా ఎవరింట్లోకో చెప్పకుండా వచ్చినట్టుంది. లోపల ఉన్నది ఇద్దరే, ముగ్గురున్నట్టు తోచింది. ఆ మూడోవారు ఇన్నేళ్ళూ ఇక్కడే ఉన్నారని, తాను వరండాలో నిలబడి కబుర్లు చెబుతున్నప్పుడూ ఉన్నారని, అతనికి మొదటిసారి నిజంగా అనిపించింది.

ఎంతసేపటికో ఫాదరు కంచె పట్టుకుని లేచారు. మోకాలు చిటుక్కుమంది. తిరిగి చూసి, "మేస్త్రి గారా! ఎంతసేపైంది వచ్చి?" అన్నారు కంగారుగా.

"తెలియదు ఫాదర్ గారూ."

సంచిలోంచి బూట్లు తీసి ఇచ్చాడు. ఫాదరు వాటిని తిప్పి చూశారు. రెండు పొరల కొస మీద చెయ్యి ఆగింది.

"నేను చెప్పింది మడమల గురించి కదా?"

"మడమలు బాగానే ఉన్నాయి. మీకు అరిగేది అక్కడ కాదు."

ఫాదరు ముఖం ఎర్రబడింది. దాచుకున్నదేదో బయటపడిన చిన్నపిల్లవాడిలా బూట్లు వెనక్కి పెట్టుకున్నారు. మేస్త్రి ఇక ఆగలేకపోయాడు. "మీరింతసేపు మోకరిస్తారు. మరి మమ్మల్ని వద్దంటారేం?"

ఫాదరు మొదటి బల్లలో కూర్చుని, అతన్నీ కూర్చోమన్నారు.

"ఉత్తరువు వచ్చినప్పుడు బిషప్ గారి దగ్గరికి వెళ్ళి బతిమాలాను, మావాళ్ళని మోకాళ్ళ మీదే ఉండనివ్వండని. ఆయన ఓపిగ్గా విన్నారు. ఒకడు మోకరించి, ఒకడు నిలబడి, ఎవడి భక్తి వాడు చూపించుకుంటే అది ఒక కుటుంబం భోజనం ఎలా అవుతుంది నాయనా, అన్నారు. నాకు జవాబు తోచలేదు. తోచినా వినాల్సిందే. గురుపట్టం రోజున ఆయన చేతుల్లో చేతులు పెట్టి, మీ మాట వింటానని చెప్పాను. ఆ మాటిచ్చింది కూడా మోకాళ్ళ మీదే మేస్త్రి గారూ."

మేస్త్రి తల వంచుకున్నాడు.

"కాని మీ ఇంటావిడని దాటేసింది బిషప్ గారి మాట కాదు" అన్నారు ఫాదరు. గొంతు తగ్గింది. "నిలబడమని చెప్పమన్నారు గాని, ఖాళీ నోటితో పంపమనలేదు. మోకరించినవాళ్ళకి లేదనకూడదు, అది అందరికంటే పైనుంచి వచ్చిన మాట. వరస ఆగిపోయింది, అందరూ చూస్తున్నారు, నాకు కంగారు పుట్టింది. ఆ తప్పు నాదే. ఆ రోజునుంచీ ఆమె చివరి బల్లలో కూర్చుని వెళ్ళిపోతోంది. వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాను, మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను కూడా. రేపు ఆమె ఎలా వచ్చినా ఇస్తాను. మోకాళ్ళ మీద వచ్చినా సరే, బిషప్ గారి ఎదుటే ఇస్తాను. చెప్పండి ఆమెకి."

గెలిచాడు మేస్త్రి. వారమంతా కోరుకున్నది ఇదే. కాని గెలిచినట్టు లేదు.

"ఆవిడ సత్ప్రసాదానికి రాకపోవడం మీ వల్ల కాదు ఫాదర్. సోమవారమే వచ్చి నిలబడి తీసుకుంటానంది. నేనే నామీద ఒట్టు పెట్టి ఆపాను."

ఫాదరు బూట్లు ఒళ్ళో పెట్టుకుని అతని వైపు తిరిగారు. కోపం లేదు ఆ చూపులో.

"అయితే ఇద్దరం కలిసే ఆ తల్లి నోటి దగ్గరది లాగేశామన్నమాట" అన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య పెరట్లో బట్టలు తీస్తోంది. మేస్త్రి వెళ్ళి దండెం అవతలివైపు నిలబడ్డాడు. ఎదురుగా చెప్పడం కంటే దుప్పటి అడ్డంగా ఉంటేనే సులువు.

"ఏమే, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేశాను."

"ఏ గట్టున?"

"నీకు వేళాకోళమే! నువ్వెలా వచ్చినా ఇస్తానన్నారు ఆయన. మోకరిస్తావో, నిలబడతావో, నీ ఇష్టం. తప్పు తనదేనని చెప్పారు. తప్పు… నాది కూడానూ."

దుప్పటి అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "ఆ దుప్పటి కొస పట్టుకోండి, మడతపెట్టాలి" అన్నది ఆవిడ. ఇద్దరూ రెండువైపులా పట్టుకుని మడతపెట్టారు.

సాయంత్రం ప్లీడరు వచ్చి, "అందరూ సిద్ధం. ముందు నువ్వే బావా, మర్చిపోకు" అన్నాడు.

"ముందు నేనే ఉంటాలే" అన్నాడు మేస్త్రి.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. బిషప్ గారు ముసలాయన, సన్నటి గొంతు. పిల్లల నుదుట తైలం పూస్తూ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచారు. సత్ప్రసాదం వేళకి ఒకవైపు ఆయన, ఒకవైపు ఫాదరు నిలబడ్డారు. ఈ రోజు ఆడా మగా కలిసే వరసలు. ఫాదరు వైపు మేస్త్రి మొదట నడిచాడు, వెనక భార్య, ఆ వెనక ప్లీడరూ అతని మందీ. అందరి చూపులూ మేస్త్రి మోకాళ్ళ మీద గుచ్చుకున్నాయి. ఫాదరికీ విషయం అంది ఉంటుంది. ముఖం పాలిపోయింది.

మేస్త్రి చూపు కిందికి దిగింది. నేలమీద ఆ బూట్లు. తన కుట్టు. కొసలకి పొద్దుటి రాతిదుమ్ము అప్పుడే అంటి ఉంది.

అతను మోకరించలేదు. తలవంచి నమస్కరించి, నిటారుగా నిలబడి, చేతులు చాపాడు.

నిలబడటం ఇంత కష్టమని అతనికెప్పుడూ తెలీదు. పోయినవారం ఇలాగే నిలబడ్డాడు, కాని అప్పుడు నిలబడింది బస్సుకోసం నిలబడినట్టు. ఇప్పుడు దాక్కోవడానికి చోటు లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎదురుగా, జానెడు దూరంలో, ఆ చిన్న తెల్లటి అప్పం. తన చేతులు చూసుకున్నాడు. ఎంత కడిగినా వదలని నల్లరంగు, దారం కోసిన గీతలు, పాతమైనం. ఈ చేతుల్లోకా వస్తావు, అనుకున్నాడు.

"క్రీస్తు శరీరం."

"ఆమెన్" అన్నాడు. సగం మాటే పైకి వచ్చింది.

పక్కకి తప్పుకుని, అప్పం నోట్లో వేసుకుని, వెళ్ళలేక అక్కడే ఆగాడు. భార్య ముందుకొచ్చింది. ఆవిణ్ణి చూడగానే ఫాదరు మాటకి కట్టుబడి ముందే వంగారు. నేలమీద మోకరించిన మనిషికి అందేంత కిందికి, అప్పం పట్టుకున్న చెయ్యి దించారు. ఆవిడ మాత్రం మోకరించలేదు. వంగబోయే మోకాళ్ళని బిగబట్టి, ముసుగు సర్దుకుని, నిలబడింది. ఒక్క క్షణం ఫాదరు అలా వంగే ఉండిపోయారు. ఆయన తల కింద, ఆవిడ ముఖం పైన. ఆయన తలెత్తి చూశారు. కళ్ళనిండా నీళ్ళు.

"క్రీస్తు శరీరం" అన్న మాట కిందినుంచి పైకి వచ్చింది.

"ఆమెన్" అన్నది ఆవిడ స్పష్టంగా, నోరు తెరిచింది.

వెనక ప్లీడరు అప్పటికే సగం వంగాడు. అక్కని చూశాడు, బావని చూశాడు. వంగిన మోకాలు వంగినట్టే ఆగి, కాలు జారినట్టు సర్దుకుని లేచి నిలబడ్డాడు. అతని వెనక వరస వరసంతా నిలబడే నడిచింది. అవతలివైపు బిషప్ గారికి ఇదేమీ తెలియదు. ఆయన ముందున్న పసివాడికి చేతులు ఎలా పట్టాలో చూపిస్తున్నారు.

పూజ అయ్యాక జనమంతా బిషప్ గారితో ఫొటోలకని బయటికి పోయారు. వరండాలోంచి ప్లీడరు "బావా!" అని రెండుసార్లు పిలిచాడు. మేస్త్రి కదల్లేదు. ఖాళీ చర్చిలో అతని భార్య లేచి, కంచె దాకా నడిచి, రాతినేల మీద మెల్లగా మోకరించింది. ఇప్పుడు లేవమనేవాళ్ళు లేరు. మేస్త్రి వెళ్ళి ఆవిడ పక్కన దిగాడు. అలవాటు లేని మోకాళ్ళు భగ్గుమన్నాయి. బూట్లలో వేళ్ళు మడతపడి, గట్టి తోలు కిర్రుమంది. నొప్పిగా ఉంది. లేవబుద్ధి కాలేదు.

కాసేపటికి వెనక అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. ఎవరో మోకరించారు. రెండు పొరల తోలు రాతిని తాకిన చప్పుడు మేస్త్రికి తెలిసింది. తల తిప్పి చూడలేదు. పక్కన భార్య గొంతులో, చాలా సన్నగా, ఆ పేరు తెలియని కూనిరాగం మొదలైంది.

రాగం మధ్యలో ఆపి ఆవిడ గుసగుసగా అన్నది, "మళ్ళీ అరిగిపోతాయండీ ఆయన బూట్లు."

"అరగనీ. కుట్టడానికి నేనున్నాగా."

"మీవి కూడానూ" అన్నది ఆవిడ.

మేస్త్రి మెడ తిప్పి, మడిచి ఉన్న తన కాళ్ళ వంక చూసుకున్నాడు. నున్నటి కొస మీద మొదటి గీత పడింది. పాలిష్ గుడ్డ జేబులోనే ఉంది. అతను దాన్ని తీయలేదు.